క్యాంపింగ్ పికప్: సామాను ఎక్కించే ముందు బండిని కాటా ఎక్కించండి

పికప్ కొన్న ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. క్యానపీ, అంటే వెనక తొట్టి మీద బిగించే మూత, ఎక్కడ చేయించాలి, బండి నెత్తి మీద విప్పుకునే రూఫ్ టెంట్ ఏది మంచిది, ఇరుక్కున్న బండిని లాగే వించ్ పెట్టించాలా వద్దా. ఈ బండి ఇంకా ఎన్ని కిలోలు మోస్తుందని అడిగేవాళ్లు మాత్రం అరుదు. ఇంత పెద్ద బండికి బరువొక లెక్కా అనిపించడం సహజమే. కానీ సొంత వాడకానికి వైట్ బోర్డు మీద అమ్మే డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్లున్న) పికప్పుల్లో చట్టప్రకారం మోయదగిన బరువు, చూసేవాళ్లు ఊహించుకునే దాంట్లో సగం కూడా ఉండదు. నలుగురు ఎక్కి తలుపులు వేసుకునేసరికే అందులో పెద్ద వాటా అయిపోతుంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మనం చూసే క్యాంపింగ్ వీడియోల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా, ఆఫ్రికా ఎడారుల్లో తీసినవి. వందల కిలోమీటర్లు పోయినా చుక్క నీళ్లు, చుక్క డీజిల్ దొరకని దారులవి. తిరుపతి నుంచి తలకోనకు, చిత్తూరు నుంచి కైగల్ జలపాతానికి, సూళ్లూరుపేట మీదుగా పులికాట్ ఒడ్డుకు వెళ్లే దారులు అలాంటివి కావు. ఏ ఊళ్లో ఆగినా వాటర్ ప్లాంటు ఉంటుంది, పంక్చర్ షాపు ఉంటుంది, ఇడ్లీ బండీ ఉంటుంది. ఎడారి లిస్టును ఉన్నదున్నట్టు ఇక్కడికి దించుకోబట్టే చాలా బండ్లు వెనక కుంగి, ముక్కు పైకెత్తి తిరుగుతున్నాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఏం కొనాలన్నదానికంటే ఏం వదిలేయాలి, ఉన్నదాన్ని ఎక్కడ పెట్టాలి అన్నదే ఎక్కువ ఉంటుంది.

మొదటి పని: ఆర్‌సీలో రెండు అంకెలు

ఆర్‌సీ కార్డు తీయండి, లేదా ఫోన్‌లో డిజీలాకర్ తెరవండి. అందులో రెండు బరువులుంటాయి. ఒకటి అన్‌లాడెన్ వెయిట్, అంటే ఖాళీ బండి బరువు. రెండోది గ్రాస్ వెహికల్ వెయిట్, జీవీడబ్ల్యూ. మనుషులు, డీజిల్, సామాను అన్నీ కలిపి బండి దాటకూడని మొత్తం బరువు అది. ఈ రెండిటి మధ్య తేడాయే మీ చేతిలో ఉన్న కోటా. మోటారు వాహనాల చట్టం లెక్కలో అన్‌లాడెన్ వెయిట్‌లో డ్రైవర్ ఉండడు. కాబట్టి స్టీరింగ్ పట్టుకున్న మనిషి కూడా లోడు కిందే లెక్క.

మూడో అంకె ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ముందు ఇరుసు ఎంత మోయొచ్చు, వెనక ఇరుసు ఎంత మోయొచ్చు అన్నది. బండిని బట్టి డోర్ దగ్గరో, బానెట్ కిందో బిగించిన ప్లేటు మీద ఉంటుంది. అక్కడ లేకపోతే ఓనర్స్ మాన్యువల్ చూడండి. మొత్తం బరువు హద్దులోనే ఉన్నా వెనక ఇరుసు మాత్రం హద్దు దాటిపోవచ్చు. క్యాంపింగ్ బండ్లలో ముందుగా తగిలే హద్దు చాలాసార్లు ఇదే.

చట్టం సంగతి ఇక్కడే ముగించేద్దాం. చట్టంలోని 113వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న జీవీడబ్ల్యూ దాటి బండి నడపకూడదు. 2019 సవరణ తర్వాత 194వ సెక్షన్ కింద జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000, పైగా సామాను దించే ఖర్చు కూడా మనదే. 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చుకోనివ్వదు. ముందు బిగించే ఇనుప గార్డులు, అంటే బుల్ బార్లు, వాటి మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. నలభై, యాభై కిలోల ఆ ఇనుమును మోసుకుంటూ తిరిగి జరిమానా కట్టడం కంటే అనవసరపు బరువు ఇంకోటి ఉండదు.

రెండో పని: ఖాళీ బండిని తూయడం

బ్రోచర్‌లో బరువు నమ్మకండి. అది సాధారణంగా బేస్ మోడల్‌ది. ఫోర్ బై ఫోర్, ఆటోమేటిక్ గేర్, షోరూమ్‌లో తగిలించిన బెడ్ లైనర్, సైడ్ స్టెప్పులు కలిస్తే లెక్క మారిపోతుంది. కాటా చీటీ ఒక్కటే నిజం.

వేబ్రిడ్జికి మన దగ్గర కొదవ లేదు. రేణిగుంట చుట్టుపక్కల, చిత్తూరు బైపాస్ మీద, గ్రానైట్ యూనిట్ల దగ్గర, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర ఉంటాయి. జూన్, జూలైలో మాత్రం ఫ్యాక్టరీ కాటాల జోలికి పోకండి. తోతాపురి కాయలతో ట్రాక్టర్లు రోడ్డు దాకా క్యూ కట్టి ఉంటాయి, మీ పికప్‌ను పట్టించుకునే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. పొద్దున్నే ఆరింటికి, ఏడింటికి ఊరి బయట కాటాకు వెళితే పని సులువుగా అవుతుంది.

ట్యాంకు నిండా డీజిల్ కొట్టించి వెళ్లండి. బండిలో స్టెప్నీ, జాకీ, కంపెనీ టూల్ కిట్ తప్ప ఇంకేమీ ఉంచకండి. మూడు తూకాలు కావాలి. మొదట బండి మొత్తం ప్లాట్‌ఫామ్ మీద. తర్వాత ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫామ్ మీద ఉండి, వెనకవి బయట నేల మీద ఉండేలా. మూడోసారి బండిని ముందుకు జరిపి, వెనక చక్రాలు మాత్రమే. మీరు దిగి తూయించండి, లేదా మీ బరువు తర్వాత తీసేయండి. ఏదో ఒక పద్ధతికే కట్టుబడండి. ముందు, వెనక కలిపితే మొత్తానికి దాదాపు సమానంగా రావాలి. పదీ ఇరవై కిలోల తేడా వస్తే ఫర్వాలేదు. అంతకంటే ఎక్కువ వస్తే బయట నేల కాటాకు సమంగా లేదని అర్థం. అలాంటి చోట ఇరుసు తూకం నమ్మడానికి లేదు, ఇంకో కాటా వెతుక్కోండి.

కాటా అతను మామూలుగా గ్రాస్, టేర్, నెట్ అని మూడు గళ్లున్న చీటీ ఇస్తాడు. "లోడు బండి కాదన్నా, ఇరుసు ఇరుసుకీ తూకం కావాల" అని ముందే చెబితే మూడు చీటీలు విడివిడిగా కొట్టిస్తాడు. లారీలు తూచే కాటా చిన్న బరువులు చూపదని గుర్తుంచుకోండి. అంకె ఐదేసి కిలోలు, కొన్నిచోట్ల పదేసి కిలోలుగా మారుతుంది. స్టౌ బరువెంత, టెంటు బరువెంత అన్నవి ఇంట్లోనే చూసుకోవాలి.

మూడో పని: లెక్క పుస్తకం

ఒక నోటు పుస్తకం చాలు, ఎక్సెల్ వచ్చినవాళ్లు ఎక్సెల్‌లో వేసుకోవచ్చు. బండిలోకి ఎక్కే ప్రతి వస్తువునూ తూచి రాయాలి. చిన్నవాటికి సూట్‌కేసులు తూచే వేలాడే త్రాసు, పెద్దవాటికి మనుషులు ఎక్కే బరువు మిషన్. వస్తువు పట్టుకుని ఒకసారి, లేకుండా ఒకసారి నిలబడితే తేడా తెలిసిపోతుంది. మరీ పెద్దవైతే కిరాణా హోల్‌సేల్ షాపులో బియ్యం బస్తాలు తూచే ప్లాట్‌ఫామ్ తూకం ఉంటుంది, అడిగితే కాదనరు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. జీవీడబ్ల్యూ 2,510 కిలోలు ఉన్న డబుల్ క్యాబ్ బండి, ఫుల్ ట్యాంకుతో ఖాళీగా కాటా మీద 2,010 తూగిందనుకోండి. కోటా 500 కిలోలు. సగటున 70 కిలోల చొప్పున నలుగురు పెద్దవాళ్లకు 280. ఇక మిగిలింది 220. ఫైబర్ క్యానపీ 70, కింద బిగించే ర్యాక్ బార్లతో కలిపి రూఫ్ టెంట్ 60, రెండు నీళ్ల క్యాన్లు 40, ఫ్రిజ్, బ్యాటరీ కలిపి 33, వంట సామాను, గ్యాస్ 25, పరుపులు, బట్టలు, టూల్స్, తాళ్లు అన్నీ కలిపి 60. మొత్తం 288. అంటే ఆడంబరం ఏమీ లేకుండానే 68 కిలోలు ఎక్కువైంది. అదే బండిలో ఇద్దరే వెళితే 72 కిలోలు మిగులుతాయి.

ఈ లెక్క చూశాక చాలామందికి అర్థమయ్యేది ఒకటి: ఈ రకం పికప్ క్యాంపింగ్‌కు ఇద్దరి బండి. నలుగురితో వెళ్లాలంటే రూఫ్ టెంట్, ఫ్రిజ్ రెండిట్లో ఒకటైనా వదులుకోవాలి, లేదా టన్ను దాకా మోసే బొలెరో క్యాంపర్ లాంటి బండి చూసుకోవాలి. వాటి కమాన్లు, అంటే వెనక ఉండే పట్టీల స్ప్రింగులు, గట్టివి కాబట్టి ఖాళీగా తిప్పితే నడుం విరుగుతుంది. పైగా సాధారణంగా గూడ్స్ బండి కింద రిజిస్టర్ అవుతాయి కాబట్టి ట్యాక్సు, ఫిట్‌నెస్ నియమాలు వేరు. ఏ బండైనా సరే, నడుస్తున్నప్పుడు వెనక తొట్టిలో, క్యానపీ లోపల మనుషులు కూర్చోకూడదు, పడుకోకూడదు.

జీవీడబ్ల్యూ అంచు దాకా నింపకండి. కనీసం యాభై కిలోలు ఖాళీ ఉంచండి, వంద ఉంటే ఇంకా హాయి. తిరుగు ప్రయాణంలో దామలచెరువు దగ్గర మామిడి గంపలు చూసి ఎక్కించకుండా ఉండగలిగేవాళ్లు ఎంతమంది?

నీళ్లు, డీజిల్

లీటరు నీళ్లు కిలో. డీజిల్ లీటరు సుమారు 840 గ్రాములు, అంటే 80 లీటర్ల ట్యాంకు నిండితే 67 కిలోలు. అదనపు డీజిల్ క్యాన్లు ఈ జిల్లాల్లో అసలు అవసరం లేదు.

నీళ్ల ట్యాంకు విషయంలో నాది కచ్చితమైన అభిప్రాయం. 60, 80 లీటర్ల ట్యాంకు బిగించడం మన దారులకు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఇద్దరికి రెండు రోజులకు తాగడానికి, వంటకు ఒక 20 లీటర్ల క్యాన్, చేతులు, గిన్నెలు కడగడానికి ఇంకొకటి చాలు. అయిపోతే దారిలో నింపుకోవచ్చు. ఇంకా మేలైన పద్ధతేంటంటే, ఘాట్ ఎక్కే ముందు క్యాన్లు ఖాళీగా ఉంచి, క్యాంపుకు దగ్గరి ఊళ్లో నింపుకోవడం. తలకోన వెళుతుంటే తిరుపతిలో కాదు, భాకరాపేట ఘాట్ దాటాక నింపండి. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఘాట్ మీద 40 కిలోలు తగ్గినట్టే.

క్యానపీ, డ్రాయర్లు: బరువంతా ఇక్కడే దాక్కుంటుంది

ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసే అన్నలకు బరువు మీద భయం లేదు, విరుగుతుందనే భయం ఉంది. "ఇది ఏస్తే లైఫ్ లాంగ్ ఉంటాదన్నా" అంటూ 40 బై 40 ఇనుప ట్యూబు చేతిలోకి తీసుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లు రోజూ చేసేవి లారీ బాడీలు. లెక్క మనం పట్టుకెళ్లాలి. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న 40 బై 40 ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ట్యూబు మీటరుకు 2.4 కిలోలు తూగుతుంది. అదే 1.6 మిల్లీమీటర్ల 25 బై 25 ట్యూబు మీటరుకు 1.2 కిలోలు. లోపలి ఫ్రేముకు 12 మీటర్లు పట్టిందనుకుంటే 29 కిలోలకు, 14 కిలోలకు ఉన్నంత తేడా. పరుపు, బట్టలు, గిన్నెలు మోయడానికి రెండోది ధారాళంగా సరిపోతుంది. అతుకుల దగ్గర మూలల్లో చిన్న త్రికోణపు ప్లేట్లు వేయిస్తే ఊగదు.

రేకు లెక్క కూడా నోటికి రావాలి. ఒక మిల్లీమీటరు మందం ఇనుప రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు, అల్యూమినియం 2.7 కిలోలు. తొట్టి అడుగున మూడు మిల్లీమీటర్ల చెకర్డ్ ప్లేట్ పరిపించడం ఒక ఫ్యాషన్. మీటరున్నర బై మీటరున్నర తొట్టికి అదొక్కటే 50 కిలోలు దాటుతుంది. గ్రానైట్ మోసే బండికి అది అవసరం. పరుపు మోసే బండికి రబ్బరు మ్యాటు చాలు.

ఇక ప్లైవుడ్. 18 మిల్లీమీటర్ల ఎనిమిది బై నాలుగు షీటు ఒకటి దాదాపు 35 కిలోలు. రెండు పెద్ద డ్రాయర్లు, పైన పడుకోవడానికి బల్ల చేస్తే మూడు షీట్లు సులువుగా పడతాయి. ఛానళ్లు, స్క్రూలు, లామినేట్ అన్నీ కలిపితే 110, 120 కిలోలు, అందులో ఇంకా ఒక్క చెంచా కూడా పెట్టకముందే. వడ్రంగి ఇంటి కప్‌బోర్డు చేసినట్టు అన్నీ 18 మిల్లీమీటర్లతోనే కోస్తాడు. పక్క గోడలకు 12, డ్రాయర్ అడుగులకు 9 చాలని గీత గీసి ఇవ్వండి. షీటుకు పది పన్నెండు కిలోలు ఆదా. వెనక, లోపలి అడ్డు చెక్కల్లో రంపంతో గుండ్రటి కిటికీలు కోయిస్తే ఇంకొంత దిగుతుంది.

నన్నడిగితే డ్రాయర్లే వద్దంటాను. పలమనేరు, మదనపల్లె మార్కెట్లలో టమాటా క్రేట్లు చూసే ఉంటారు. పాతిక కిలోల కాయలు పోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, లారీలో చెన్నై దాకా పంపినా చెక్కుచెదరవు. ఖాళీ క్రేటు బరువు రెండు కిలోల లోపే. తొట్టిలో ఆరు క్రేట్లు రెండు వరుసల్లో పెట్టి, చేతిపట్టు రంధ్రాల్లోంచి ర్యాచెట్ బెల్టు దూర్చి తొట్టి కొక్కేలకు బిగిస్తే పన్నెండు కిలోల్లో ఆరు అరల బీరువా తయారు. ఒక క్రేటు వంటకు, ఒకటి టూల్స్‌కు, ఒకటి తడిబట్టలకు. ప్రయాణం అయ్యాక అలాగే ఎత్తి ఇంట్లో పెట్టేయొచ్చు. దుమ్ము పడుతుందంటే పైన పాత టార్పాలిన్ ముక్క కప్పండి. కొత్తవి కొనుక్కోండి. మార్కెట్లో తిరిగే రంగురంగుల క్రేట్లు మండీలవి.

బ్యాటరీ, ఫ్రిజ్, పొయ్యి

కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీ పెరటి గుమ్మంలా ఉండబట్టో ఏమో, మన దగ్గర క్యాంపులో ఫ్రిజ్, లైట్ల కోసం పెట్టే రెండో బ్యాటరీ అనగానే ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీయే గుర్తొస్తుంది. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ది యాసిడ్‌తో కలిపి 50 కిలోలు దాటుతుంది, పైగా ఒలికే రకం. బండిలో దానికి చోటు లేదు. 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 11 నుంచి 13 కిలోలు. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి రోజూ ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది, దీన్ని దాదాపు మొత్తం వాడుకోవచ్చు. అంటే ఒకే పనికి నాలుగో వంతు బరువు. ధర ఎక్కువే. కానీ బరువు తగ్గించడానికి ఎక్కడో ఒకచోట డబ్బు పెట్టక తప్పదనుకుంటే ఇక్కడ పెట్టండి. ఇంజన్ గదిలో మాత్రం బిగించకండి, ఆ వేడి దానికి పడదు. ఛార్జింగ్‌కు బండి కరెంటుతో దీన్ని నింపే డీసీ టు డీసీ ఛార్జరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి.

రెండు రోజుల ప్రయాణానికి ఫ్రిజ్ అవసరమా అన్నది మాత్రం నిజాయితీగా ఆలోచించుకోవాలి. ఐస్ బాక్సులో రెండు కిలోల ఐసు, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు వేసుకుంటే పాలు, పెరుగు ఒకరోజు నిలుస్తాయి. రెండో రోజుకు ఊళ్లో దొరుకుతాయి.

గ్యాస్ విషయంలో ఇంటి 14.2 కిలోల సిలిండరు ఎక్కించకండి. నిండుది దాదాపు 30 కిలోలు. దొర్లితే ప్రమాదం కూడా. ఐదు కిలోల చిన్న సిలిండరు చాలు. ఖాళీ బరువు దాని మీదే రాసి ఉంటుంది కాబట్టి లెక్క సులువు. ఇద్దరే అయితే బ్యూటేన్ క్యాన్‌తో మండే చిన్న స్టౌ ఇంకా తేలిక. వంట పాత్రల్లో త్యాగాలు చేయమని నేను చెప్పను. రాగి సంగటి, నాటుకోడి పులుసు లేని క్యాంపు క్యాంపే కాదు. సంగటి గిన్నె, తెడ్డు ఉండాల్సిందే. మూడు కిలోల ఇనుప పెనం, అల్లం దంచే రాతి రోలు మాత్రం ఇంట్లో ఉండనివ్వండి. అల్లం వెల్లుల్లి ఇంటి దగ్గరే దంచుకుని డబ్బాలో తెచ్చుకోవచ్చు.

నెత్తి మీద ఎంత?

బండి పైకప్పు, క్యానపీ, ర్యాక్ మూడింటికీ మూడు వేరు వేరు పరిమితులుంటాయి. వాటిలో అన్నిటికంటే చిన్నదే మీ పరిమితి. టెంటు ఎక్కించి నడుస్తున్నప్పుడు మోయగలిగే బరువు వేరు, ఆపిన బండి మీద మనుషులు పడుకున్నప్పుడు మోసేది వేరు. రెండోది చాలా ఎక్కువ ఉంటుంది. అమ్మేవాళ్లు ఆ రెండో అంకె చెప్పి అంటగడతారు. రాళ్ల దారుల్లో అయితే నడిచే పరిమితిని మూడో వంతు తగ్గించుకోవడం మంచిది.

పైన పెట్టిన ప్రతి కిలో మలుపులో బండిని పక్కకు లాగుతుంది. హార్స్‌లీ హిల్స్ ఘాట్ మలుపుల్లో ఇది స్టీరింగ్‌లోనే తెలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడేవి ఈశాన్య రుతుపవనాల వానలు. కాన్వాస్ టెంటు తడిసి మడిస్తే ఆ నీటి బరువంతా నెత్తి మీదే. పాములు, తేళ్ల భయంతోనే చాలామంది రూఫ్ టెంట్ కొంటారు. దోమతెర ఉన్న మడత మంచం ఎనిమిది పది కిలోల్లో ఆ భయం తీరుస్తుంది, అది తొట్టి అడుగున పడుకుని వస్తుంది కూడా.

ఎంత బరువన్నది ఒకటి, ఎక్కడన్నది ఒకటి

ఇది కాస్త ఓపిగ్గా చదవండి. రెండు ఇరుసుల మధ్య పెట్టిన బరువును రెండూ పంచుకుంటాయి. వెనక ఇరుసుకు ఇవతల, టెయిల్‌గేట్ (తొట్టి వెనక తలుపు) వైపు పెట్టిన బరువు అలా కాదు. ఉయ్యాల బల్లలా వెనక దిగుతూ ముందును పైకి లేపుతుంది. ఇరుసుల మధ్య దూరం 3.1 మీటర్లు ఉన్న బండిలో, వెనక ఇరుసుకు 1.2 మీటర్ల వెనక 100 కిలోలు పెట్టారనుకోండి. వెనక ఇరుసు మీద పడేది 100 కాదు, 139 కిలోలు. ఆ అదనపు 39 ముందు ఇరుసు మీద తగ్గిపోతాయి. స్టీరింగ్ తిప్పేది, బ్రేకు ఎక్కువగా వేసేది ముందు చక్రాలే. వాటి మీద బరువు తగ్గితే వానలో బండి తిప్పిన వైపు తిరగదు, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లల్లోకి కొడతాయి.

అందుకే టెయిల్‌గేట్ మీద రెండో స్టెప్నీ, దాని పక్కన జెర్రీ క్యాన్, ఇంకో పక్క హై లిఫ్ట్ జాకీ తగిలించే పద్ధతి చూడటానికి బాగుంటుంది, నడపడానికి బాగుండదు. సామానులో బరువైనవి, అంటే నీళ్లు, బ్యాటరీ, టూల్ బాక్సు, గ్యాస్, తొట్టి ముందు గోడకు, క్యాబిన్‌కు ఆనించి, అడుగున పెట్టండి. దాని వెనక వంట క్రేట్లు. టెయిల్‌గేట్ దగ్గర పరుపులు, దుప్పట్లు, టెంటు. వంట టెయిల్‌గేట్ మీదే చేసుకోవాలనిపిస్తుంది కాబట్టి స్టౌ ఒక్కటి వెనక ఉంచండి, సిలిండరు ముందే ఉండాలి. ఎడమ కుడి కూడా చూడండి. డ్రైవర్, డీజిల్ ట్యాంకు, బ్యాటరీ అన్నీ ఒకే వైపు పడితే బండి ఆ వైపు ఒరుగుతుంది.

కట్టని బరువు లెక్కలోకి రాదు, ప్రమాదంలోకి వస్తుంది. మోగిలి ఘాట్ దిగుతూ గట్టిగా బ్రేకు వేస్తే 20 లీటర్ల క్యాను క్యాబిన్ అద్దం దాకా వచ్చేస్తుంది. రెండు ర్యాచెట్ బెల్టులు కొని వాడండి. కొబ్బరి తాడు, నైలాన్ తాడు ఊగి ఊగి వదులవుతాయి.

టైర్లు

టైరు గోడ మీద సైజు తర్వాత 108, 111, 112 లాంటి అంకె ఉంటుంది. అది లోడ్ ఇండెక్స్. 108 అంటే ఒక టైరు 1,000 కిలోలు, 111 అంటే 1,090, 112 అంటే 1,120. అదీ కంపెనీ చెప్పినంత గాలి ఉంటేనే. మీ వెనక ఇరుసు తూకంలో సగం కంటే ఇది బాగా ఎక్కువ ఉండాలి. పెద్ద ఆల్ టెరైన్ టైర్లు వేయిస్తే ఒక్కొక్కటీ నాలుగైదు కిలోలు పెరుగుతుంది, స్టెప్నీతో కలిపి ఐదు అని మరవకండి.

పులికాట్ ఇసుకలో గాలి తగ్గించి నడిపి, అలాగే హైవే ఎక్కేవాళ్లుంటారు. లోడున్న బండికి అది చాలా చెడ్డది. గాలి తగ్గితే టైరు మోసే సత్తా తగ్గుతుంది, గోడలు మడతపడి వేడెక్కుతాయి. మే నెల మధ్యాహ్నం నాయుడుపేట రోడ్డు మీద ఆ వేడికి రోడ్డు వేడి కలిస్తే చెప్పేదేముంది. చిన్న 12 వోల్టుల గాలి పంపు రెండు కిలోలే, దాని బరువు నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.



కమాన్ పట్టీ వేస్తే సరిపోదా?

సరిపోదు. వెనక కుంగిందని ఆటోనగర్‌కు వెళితే ఒక కమాన్ పట్టీ ఎక్కువ వేసి బండిని లేపుతారు. చూపుకు సమంగా ఉంటుంది. కానీ ఆర్‌సీలో జీవీడబ్ల్యూ మారదు. బేరింగులు, బ్రేకులు, చాసిస్, ఇరుసు అన్నీ పాతవే. కుంగడం బండి మీకు చెప్పే మాట. పట్టీ వేస్తే ఆ మాట వినపడకుండా పోతుంది, బరువు అక్కడే ఉంటుంది. కమాన్లున్న డబుల్ క్యాబ్‌లకు ఎయిర్ బ్యాగులు (ప్రమాదంలో తెరుచుకునేవి కావు, వెనక భాగాన్ని లేపే గాలి తిత్తులు) బిగిస్తే ఇంకో చిక్కు. కమాన్ల రెండు కొసల్లో పంచాల్సిన బరువును చాసిస్ మధ్యలో ఒకేచోట మోపుతాయి. వెనక బాగా లోడు వేసిన అలాంటి బండ్ల చాసిస్ క్యాబిన్ వెనక వంగిపోవడం విదేశాల్లో మామూలైపోయింది.

బరువు హద్దులో ఉండి, క్యానపీ ఎప్పుడూ బండి మీదే ఉండి, అయినా కాస్త కుంగుతోందంటే అప్పుడు ఆ బరువుకు తగ్గ స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చుకోవడంలో తప్పులేదు. వరుస అది: ముందు బరువు తగ్గించడం, తర్వాత సర్దడం, ఆఖరున స్ప్రింగులు.

నిండు బండితో మళ్లీ కాటాకు

మొదటి ప్రయాణం రోజు పొద్దున, మనుషులందరితో, ఫుల్ ట్యాంకుతో, నీళ్లు నింపి, అదే కాటాకు వెళ్లండి. మళ్లీ అవే మూడు తూకాలు. మొత్తం జీవీడబ్ల్యూ లోపల ఉందా, ఒక్కో ఇరుసు దాని పరిమితి లోపల ఉందా, ముందు ఇరుసు బరువు ఖాళీ బండి కంటే తగ్గిందా అని చూడండి. తగ్గితే సామాను ముందుకు జరపాలి. నోటు పుస్తకంలో లెక్కకు, కాటాకు తేడా తప్పకుండా వస్తుంది, ఎప్పుడూ కాటాయే ఎక్కువ చూపుతుంది. ఎవరో ఒకరు చెప్పకుండా క్యారమ్ బోర్డు పెట్టేసి ఉంటారు.

పరీక్షకు తిరుపతి నుంచి రంగంపేట, భాకరాపేట మీదుగా తలకోన దారి బాగుంటుంది. మంచి రోడ్డు, ఘాట్, పల్లె దారి మూడూ ఒకే పూటలో వస్తాయి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. వేగం అదే అయినా బరువు 20 శాతం పెరిగితే బ్రేకుల మీద వేడి కూడా 20 శాతం పెరుగుతుంది. కాలిన వాసన వచ్చినా, పెడల్ మామూలు కంటే లోపలికి పోయినా వెడల్పు చోటు చూసి ఆపేయండి, అరగంట చల్లారనివ్వండి. డ్రమ్ముల మీద నీళ్లు మాత్రం పోయకండి.

ఈ దారుల్లో ఇంకో ముచ్చట. శేషాచలం చుట్టూ ఎర్రచందనం నిఘా గట్టిగా ఉంటుంది. నాలుగు వైపులా మూసిన క్యానపీతో, రాత్రిపూట, వెనక కుంగి వచ్చే పికప్‌ను ఆపకుండా ఎవరు వదులుతారు? క్యానపీ తలుపు తాళం చేతికి అందేలా ఉంచుకోండి. క్రేట్లతో సర్దిన తొట్టిని రెండు నిమిషాల్లో చూపించొచ్చు, స్క్రూలు బిగించిన డ్రాయర్ల వెనక ఏముందో చూపించడం కష్టం. అడవి లోపల అనుమతి లేని చోట రాత్రి ఆగకూడదు. అటవీ శాఖ చూపిన చోట, లేదా అడవి బయట పొలం యజమానిని అడిగి ఆగండి. తిరుమల కొండ మీదికి కూడా ఇదే బండితో వెళ్లాలనుకుంటే, అలిపిరి దగ్గర సామానంతా దించి స్కానింగ్‌కు పెట్టాల్సి వస్తుంది. దర్శనం రోజు క్యాంపు సామాను ఇంట్లోనే దించి వెళ్లడం సుఖం.

తిరిగొచ్చాక పుస్తకం మళ్లీ తెరిచి, వాడని వస్తువుల పక్కన గీత పెట్టండి. రెండు ప్రయాణాల్లో గీత పడిన వస్తువు మూడోసారి ఎక్కకూడదు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, టో తాడు, పంక్చర్ కిట్ మాత్రం ఈ నియమానికి మినహాయింపు. క్రేట్లు, క్యాన్లు, పరుపు ఆ రోజే దించేయండి. క్యానపీని కూడా ఏడాదంతా మోసుకుంటూ ఆఫీసుకు వెళ్లక్కర్లేదు. వెల్డింగ్‌తో కాకుండా క్లాంపులతో బిగిస్తే నలుగురు పట్టుకుని పావుగంటలో ఎత్తి గోడవారన పెట్టొచ్చు, మళ్లీ ఎక్కించేటప్పుడు క్లాంపు బోల్టులు వంద కిలోమీటర్లు నడిచాక ఒకసారి బిగించి చూసుకోవాలి.